ఎల్‌పీఎన్ కాలేజీల జాబితా, లైసెన్సు గైడులో తప్పుల గురించి ఫిర్యాదు

మేనేజరు గారికి,
కోర్సుల సలహా విభాగం

విషయం: అమెరికాలో ప్రాక్టికల్ నర్సింగ్ చదువు, లైసెన్సు మీద మీరు అమ్ముతున్న తెలుగు గైడును సరిదిద్దడం, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వడం, వాళ్ల ఫోన్ నంబర్లు కాలేజీలకు అందించడం ఆపడం గురించి.

అయ్యా,

అమెరికాలో ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) కావాలనుకునే తెలుగువాళ్లకు మీరు డబ్బు తీసుకుని ఇస్తున్న కాలేజీల జాబితా, దానితో వచ్చే లైసెన్సు గైడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాం. మేము ఇక్కడి ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేసే తెలుగు నర్సులం. మాలో కొందరు నర్సింగ్ పాఠాలు చెబుతారు. ఈ గైడులోవి అచ్చుతప్పులైతే ఉత్తరం రాసేవాళ్లం కాదు. దీన్ని నమ్మి చేరితే ఏడాది చదువు, ఫీజు రెండూ పోయి, చివరకు పరీక్ష రాసే అర్హత కూడా మిగలని ప్రమాదం ఉంది.

అన్నిటికంటే పెద్ద తప్పు జాబితాలోనే ఉంది. ప్రతి కాలేజీ పక్కన ‘గుర్తింపు పొందినది’ అని ఒకటే ముద్ర వేశారు. ఎవరిచ్చిన గుర్తింపు? ఒక కాలేజీకి కనీసం మూడు రకాలుంటాయి. బడి నడుపుకోవడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి ఒకటి. చదువు నాణ్యత చూసి విడి సంస్థలు ఇచ్చే అక్రెడిటేషన్ రెండోది. ఆ ప్రాక్టికల్ నర్సింగ్ ప్రోగ్రాముకు ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇచ్చే అప్రూవల్ మూడోది. ఎల్‌పీఎన్ లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్షకు దారి తీసేది ఈ మూడోదే. అది లేని చోట చదివితే మిగతా రెండూ ఎంత ఘనంగా ఉన్నా ఇక్కడ లైసెన్సుకు పనికిరావు. మీ జాబితాలో మెడికల్ అసిస్టెంట్, పేషెంట్ కేర్ టెక్నీషియన్ కోర్సులు మాత్రమే నడిపే సంస్థలు కూడా ఇదే ముద్రతో ఎల్‌పీఎన్ వరుసలో కూర్చున్నాయి.

అక్రెడిటేషన్ సంగతి చూద్దాం. ప్రాక్టికల్ నర్సింగ్ ప్రోగ్రాములను అక్రెడిట్ చేసేవాటిలో ముఖ్యమైనవి ఏసీఈఎన్, ఎన్‌ఎల్‌ఎన్ సీఎన్‌ఈఏ అనే రెండు సంస్థలు. మీరు కొన్ని కాలేజీల పక్కన సీసీఎన్‌ఈ అనే మరో సంస్థ పేరు వేశారు. సీసీఎన్‌ఈ చూసేది బ్యాచిలర్స్, ఆపై చదువులనే. ఎల్‌పీఎన్ కోర్సులు దాని పరిధిలోకే రావు. ఈ రంగం తెలిసిన మనిషి ఒక్కసారి కళ్లతో చూసి ఉంటే ఆ మాట అచ్చులోకి వచ్చేది కాదు. అలాగని అక్రెడిటేషన్‌తో పనే లేదని మేము అనడం లేదు. రేపు ఎల్‌పీఎన్ నుంచి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) బ్రిడ్జి కోర్సుకు వెళ్లాలంటే పాత క్రెడిట్లు చెల్లుతాయా లేదా అన్నది దాని మీద ఆధారపడుతుంది. గంటల లెక్కన నడిచే చాలా ప్రైవేటు ప్రోగ్రాములు డిప్లొమా ఇస్తాయి గానీ కాలేజీ క్రెడిట్లు ఇవ్వవు. ఫీజు కట్టే ముందు అడగాల్సిన ఈ ప్రశ్న మీ గైడులో ఎక్కడా లేదు.

అప్రూవల్ అన్నా అందరిదీ ఒకే స్థితి కాదు. కొత్త ప్రోగ్రాముకు ఇచ్చేది ఆరంభ అప్రూవల్. ఫలితాలు పడిపోతే వార్నింగ్ ఇస్తారు, ఇంకా దిగజారితే షరతుల మీద నడుపుతారు. టెక్సాస్‌లో కండిషనల్ స్థితిలో పడ్డ ప్రోగ్రాము కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదు. అక్కడ మొదటిసారి రాసినవాళ్లలో 80 శాతం పాస్ కావాలన్నది బోర్డు పెట్టిన గీత. ఫ్లోరిడాలో వరుసగా రెండేళ్లు జాతీయ సగటు కంటే 10 పాయింట్లకు మించి కిందికి జారితే ప్రొబేషన్. కాలిఫోర్నియాలో ప్రాక్టికల్ నర్సింగ్‌ను వొకేషనల్ నర్సింగ్ అంటారు, దాన్ని చూసే బోర్డు బీవీఎన్‌పీటీ, అక్కడ పోలిక రాష్ట్ర సగటుతో. ఇవన్నీ బోర్డులే కాలేజీవారీగా బయటపెడతాయి, చూసుకోవడానికి పైసా ఖర్చులేదు. మీ గైడు మాత్రం కాలేజీ కరపత్రంలోని పాస్ శాతాన్ని ఉన్నదున్నట్టు దించుకుంది. నలుగురు రాసి నలుగురూ పాసైతే అది నూటికి నూరే. కొన్ని కాలేజీలు చివర్లో సొంతంగా ఎగ్జిట్ టెస్టు పెట్టి, అది గట్టెక్కనివాళ్లను పరీక్ష దాకా పోనివ్వవు. అందుకే పాస్ శాతం పక్కన, ఎంతమంది చేరితే ఎంతమంది కోర్సు పూర్తిచేశారో కూడా ఉండాలి. ఆ అంకె లేని పాస్ శాతాన్ని మేమైతే లెక్కలోకి తీసుకోం.

‘పూర్తిగా ఆన్‌లైన్‌లో ఎల్‌పీఎన్’ అని మీరు ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టారు. దాన్ని వెంటనే తీసేయండి. థియరీ ఇంట్లో కూర్చుని వినొచ్చు. క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ, రోగి మంచం పక్కన నిలబడి చేయాల్సిందే. కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్ (వొకేషనల్ నర్సు) ప్రోగ్రాముకు కనీసం 1,530 గంటలుండాలి. అందులో థియరీ 576, క్లినికల్ 954. అంటే సగానికి పైగా భాగం తెర మీద జరిగేదే కాదు. తేలిగ్గా, త్వరగా అంటూ పట్టా అమ్మేవాళ్లు ఏం చేయగలరో 2023 జనవరిలో లోకం చూసింది. ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్లు 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు, మార్కుల పత్రాలు అమ్మాయని ఫెడరల్ అధికారులు కేసులు పెట్టారు. వాటిలో ప్రాక్టికల్ నర్సింగ్ పట్టాలూ ఉన్నాయి. ఆ తర్వాత చాలా రాష్ట్రాల బోర్డులు ఆ స్కూళ్ల పేరున్న లైసెన్సులను తిరగదోడాయి. ఇంత జరిగాక కూడా ‘క్లినికల్స్ అక్కర్లేదు’ అని రాయడం అజాగ్రత్త అనిపించుకోదు.

మీ జాబితాలో ఎల్‌పీఎన్ అని వెతికితే కాలిఫోర్నియా, టెక్సాస్ పేజీలు దాదాపు ఖాళీగా వస్తున్నాయి. ఆ రెండు రాష్ట్రాల్లో ఈ లైసెన్సును ఎల్‌వీఎన్ అంటారు కాబట్టి మీ వెతుకులాటకు దొరకడం లేదు. తెలుగు కుటుంబాలు బాగా ఎక్కువున్న రాష్ట్రాలు అవే. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మనిషికి మీ గైడు ఓక్లహోమా కాలేజీ చూపిస్తోంది!

ఇక పరీక్ష. మీరు రాసిన 205 ప్రశ్నల లెక్క ఎప్పటిదో. ఇప్పుడు ఎన్‌క్లెక్స్-పీఎన్‌లో తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, సమయం 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీ తరహా ప్రశ్నలు చేరాయి. రోగి చార్టు చదివి వరుసగా ఆరు నిర్ణయాలు తీసుకోవాలి. దాని ఊసే లేకుండా మీరు కట్టబెట్టిన మోడల్ పేపర్లు పాత సరుకు. పరీక్ష నడిపే కంపెనీ పియర్సన్ వ్యూకు కట్టాల్సిన 200 డాలర్లు వేరు, బోర్డుకు కట్టే దరఖాస్తు ఫీజు వేరు, వేలిముద్రల ఖర్చు వేరు. మీరు మూడూ కలిపేసి 200 అన్నారు. తప్పితే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి. ‘ఎన్నిసార్లయినా రాయవచ్చు’ అన్న మీ మాట అన్ని చోట్లా నిజం కాదు. ఫ్లోరిడాలో మూడుసార్లు తప్పితే రెమెడియల్ కోర్సు చేసి రావాలి. టెక్సాస్‌లో చదువు ముగిసిన నాలుగేళ్లలోపు పాసై తీరాలి, పైగా అక్కడ నర్సింగ్ చట్టాల మీద విడిగా జ్యూరిస్‌ప్రూడెన్స్ పరీక్ష కూడా ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు పేరు దగ్గర. మీ గైడులో దాని గురించి ఒక్క వాక్యమూ లేదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సులో అదే దిగుతుంది. కాలేజీ మార్కుల పత్రంలో మాత్రం ఇంటిపేరు విడగొట్టి రాస్తారు. పరీక్ష దరఖాస్తులో అభ్యర్థి తనకు అలవాటైన తీరులో మూడో రకంగా రాస్తుంది. పరీక్ష రాయడానికి అనుమతిగా వచ్చే ఏటీటీ పత్రంలోని మొదటి పేరు, చివరి పేరు చేతిలోని ఐడీతో అచ్చంగా సరిపోకపోతే కేంద్రంలోకి రానివ్వరు. కట్టిన ఫీజు పోతుంది, మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఏటీటీ గడువు మామూలుగా 90 రోజులు, అది పొడిగించరు. కాబట్టి కాలేజీలో చేరే రోజునే ఐడీలో ఎలా ఉందో అలాగే పేరు నమోదు చేయించుకోవాలి. హైదరాబాద్ కేంద్రంలో రాసేవాళ్లకు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది, అదనంగా 150 డాలర్ల అంతర్జాతీయ ఫీజు, దాని మీద పన్ను ఉంటాయి. ఈ పేరా మీ గైడులో మొదటి పేజీలో ఉండాల్సింది.

‘ఒక లైసెన్సు, దేశమంతా ఉద్యోగం’ అని అట్ట మీద తాటికాయంత అక్షరాలతో వేశారు. ఒక రాష్ట్రం ఇచ్చిన మల్టీస్టేట్ లైసెన్సు మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లే ఒప్పందం, నర్స్ లైసెన్సూర్ కాంపాక్ట్‌లో చాలా రాష్ట్రాలు చేరిన మాట నిజమే. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ మాత్రం అందులో లేవు. న్యూజెర్సీ ఉంది. కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ నది దాటి న్యూయార్క్‌లో పనిచేయాలంటే న్యూయార్క్ లైసెన్సు విడిగా తీసుకోవాల్సిందే. అక్కడ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు కూడా అడుగుతారు. మరో సంగతి: మల్టీస్టేట్ లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. వర్క్ పర్మిట్ (ఈఏడీ) లేని హెచ్4 వీసావాళ్లకు, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు, మామూలుగా ఆ నంబరే రాదు. హెచ్4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం ఈఏడీ చేతికొచ్చాకే. మీ గైడు కొనేవాళ్లలో హెచ్4 గృహిణులే ఎక్కువని మీ ప్రకటనలే చెబుతున్నాయి. వాళ్లకు ఈ ముక్క చెప్పకుండా డబ్బు తీసుకోవడం అన్యాయం. ఫాఫ్సా అనే ఆర్థిక సాయం దరఖాస్తు నింపితే అందరికీ ఫెడరల్ సాయం వస్తుందన్నదీ అబద్ధమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అర్హత ఉంది, హెచ్4, ఎఫ్1 (విద్యార్థి వీసా) వాళ్లకు లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) చేసి వచ్చినవాళ్లను కూడా మీరు నేరుగా ఎల్‌పీఎన్‌లో చేరమంటున్నారు. ఎందుకు? మూడేళ్ల జీఎన్‌ఎం చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి అక్కడ రిజిస్టర్డ్ నర్సు. చదివిన థియరీ, క్లినికల్ గంటలను మెడికల్, సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం విభాగాలవారీగా లెక్కగట్టించి, నేరుగా రిజిస్టర్డ్ నర్సుల పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌కు దరఖాస్తు పెట్టుకునే దారి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. ఆ మూల్యాంకనం చేసే సంస్థల్లో సీజీఎఫ్‌ఎన్‌ఎస్ ముఖ్యమైనది, దాని ఇప్పటి పేరు ట్రూమెరిట్. పత్రాలు కాలేజీ నుంచి, కౌన్సిల్ నుంచి నేరుగా దానికి చేరాలి, అభ్యర్థి చేతుల మీదుగా వెళ్తే చెల్లవు. ముందు ఆ పని చేయించమని చెప్పాలి. పనికి రాదని తేలితే అప్పుడు ఎల్‌పీఎన్ మాట. ఏఎన్‌ఎం విషయంలో మీరు అవతలి కొసకు పోయి, అది ఆటోమేటిక్‌గా ఎల్‌పీఎన్‌కు సమానమన్నారు. ఆ చదువులో ప్రసూతి, పల్లె ఆరోగ్యం బరువెక్కువ. సమానమో కాదో తేల్చేది బోర్డు. ‘ఎల్‌పీఎన్‌తో గ్రీన్‌కార్డు సులువు’ అన్న వాక్యం మరీ ప్రమాదం. ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకడం లేదని కార్మిక శాఖ ఇచ్చే లేబర్ సర్టిఫికేషన్ లేకుండానే గ్రీన్‌కార్డుకు పోనిచ్చే ‘షెడ్యూల్ ఏ’ వెసులుబాటు రిజిస్టర్డ్ నర్సులకు, ప్రాక్టికల్ నర్సులకు కాదు.

చేరే ముందు కావాల్సిన కాగితాల పేజీలో టీబీ పరీక్ష అని ఒక్క మాట రాసి వదిలేశారు. మన దగ్గర చిన్నప్పుడు బీసీజీ వేస్తారు. దానివల్ల చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఆపై ఎక్స్‌రేలు, డాక్టరు ఉత్తరాలు, ఈలోగా క్లినికల్స్ మొదలైపోతాయి. బీసీజీ ప్రభావం పడని ఇగ్రా రక్తపరీక్ష చేయమని మొదటే అడగాలి. హెపటైటిస్ బీ మామూలు మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది. టీకా కార్డు పోయినవాళ్లు టైటర్ అనే రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి ఉందని చూపవచ్చు.

చివరి ఫిర్యాదు ఫోన్ల గురించి. గైడు కొన్న మరునాటి నుంచే కాలేజీల అమ్మకపు ఏజెంట్లు ఫోన్లు మొదలుపెడుతున్నారు. జాబితాలో ఖరీదైన ప్రైవేటు సంస్థలు పైన, కమ్యూనిటీ కాలేజీలు అట్టడుగున ఎందుకున్నాయో కూడా దీన్నిబట్టి అర్థమవుతోంది. వాటి ఫీజుల్లో కొన్ని రెట్ల తేడా ఉంటుంది. ఏ కాలేజీ దగ్గర కమిషన్ తీసుకుంటున్నారో ఆ పేరు పక్కనే రాయండి.

మేము కోరేది ఇదీ. బోర్డు అప్రూవల్ లేని ప్రతి పేరునూ జాబితా నుంచి తీసేయండి. మిగిలినవాటి పక్కన బోర్డు పేరు, అప్రూవల్ స్థితి, మీరు చూసిన తేదీ, మొదటిసారి రాసినవాళ్ల పాస్ శాతం, కోర్సు పూర్తిచేసినవాళ్ల శాతం పెట్టండి. నర్సింగ్ లైసెన్సు ఉన్న మనిషి చదివి ఒప్పుకున్నాకే కొత్త కూర్పు అమ్మండి, ఆ లైసెన్సు నిజమో కాదో నర్సుల లైసెన్సులు చూపే నర్సిస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోగలరు. పాత గైడు కొన్నవాళ్లందరికీ తప్పులు చెబుతూ ఉత్తరం పంపి, అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వండి. వాళ్ల వివరాలు తుడిచేయండి. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు అలా అడిగితే అక్కడి ప్రైవసీ చట్టం వర్తించే కంపెనీలు 45 రోజుల్లో జవాబివ్వాలని తెలిసే ఉంటుంది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, మీ ఆఫీసున్న రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఇదే ఫిర్యాదు వెళ్తుంది. తప్పున్న పేజీల నకళ్లు, పక్కన బోర్డుల నియమాలు జతచేశాం.

ఇట్లు,
మీ గైడు చదివిన తెలుగు నర్సులు, నర్సింగ్ అధ్యాపకులు