స్కాన్ రిపోర్టుతో తేలేది కాదు

సంపాదకులకు నమస్కారం.

సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా పోయే మానసిక జబ్బు, వచ్చే ముప్పున్న యువతీయువకుల మెదడులో జబ్బు బయటపడక ముందే కొన్ని తేడాలు కనిపిస్తాయని చెప్పే పరిశోధనల మీద పత్రికల్లో అప్పుడప్పుడూ వార్తలు వస్తున్నాయి. రావాల్సిందే. కానీ వాటికి ‘మతి చలించడాన్ని ముందే పట్టేసే స్కాన్’ లాంటి శీర్షికలు పెడితే ఇళ్లలో ఏం జరుగుతుందో కాలేజీ కౌన్సెలర్‌గా దగ్గర్నుంచి చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఆమధ్య ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయికి కొన్ని వారాలుగా రాత్రిళ్లు నిద్ర లేదు. ఫ్యాన్ చప్పుడులో ఎవరో తన పేరు పిలిచినట్టు వినిపిస్తోందని, నిజంగా పిలిచారో లేదో తనకే తెలియడం లేదని మెల్లగా చెప్పుకొస్తున్నాడు. తండ్రి మధ్యలో అందుకుని, కవర్లోంచి ఎం.ఆర్.ఐ. ఫిల్ము తీసి బల్ల మీద పెట్టారు. "డాక్టరు చెప్పకపోయినా నేనే తీయించానండీ. అంతా నార్మల్. ఇక వీడిదంతా చదువు ఎగ్గొట్టే నాటకమే" అన్నారు. అబ్బాయి తలొంచుకున్నాడు. ఆ రోజు మళ్లీ నోరు విప్పలేదు. ఆ తండ్రికి కొడుకు మీద ప్రేమ లేక కాదు, స్కాన్‌లో అన్నీ తెలిసిపోతాయని ఎక్కడో చదివి నమ్మారు.

ఆ పరిశోధనల్లో నిజానికి ఏముంది? 2021లో వెలువడిన ఎనిగ్మా అంతర్జాతీయ బృందం అధ్యయనమే తీసుకోండి. 31 కేంద్రాల నుంచి 3,169 మంది స్కాన్లను పోల్చారు. వాళ్లలో 1,792 మంది ముప్పున్నవాళ్లు, అంటే ఎక్కువగా జబ్బు తొలి ఛాయలు కనిపిస్తున్నవాళ్లు. వీళ్లలో మెదడు పైపొర, అంటే కార్టెక్స్, మిగతావాళ్లతో పోలిస్తే సగటున కాస్త పలచగా ఉంది. తర్వాత సైకోసిస్ బయటపడినవాళ్లలో కొన్ని భాగాల్లో ఆ తేడా ఇంకొంచెం ఎక్కువ. ఆ పొర మొత్తం మందమే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. అందులో కనిపించిన తేడా చాలా స్వల్పం. పైగా యుక్తవయసులో అందరికీ ఆ పొర సహజంగానే పలచబడుతూ వస్తుంది.

సగటున మగవాళ్లు ఆడవాళ్లకన్నా పొడుగు. అలాగని ఎత్తు ఒక్కటే చెబితే ఆ మనిషి ఆడో మగో చెప్పగలమా? ఇదీ అంతే. వందల మందిని కలిపి చూస్తే కనిపించే తేడా, ఒక్క పిల్లాడి ఫిల్ములో చూసి జాతకం చెప్పడానికి పనికిరాదు. జబ్బు ఎలా మొదలవుతుందో అర్థం చేసుకోవడానికి మాత్రం ఎంతో విలువైనది, ఆ పరిశోధన సాగాలి. మూర్ఛ, మెదడువాపు, కణితి లాంటి అనుమానం ఉండి డాక్టరు స్కాన్ రాస్తే తప్పకుండా తీయించాలి, అది వేరే సంగతి.

ఇంకో మాట. ముప్పున్నట్టు గుర్తించిన వాళ్లలో మూడేళ్లలో సైకోసిస్ వచ్చేది సుమారు నలుగురిలో ఒకరికి. మిగతా ముగ్గురికీ ఆ గడువులో రాదు. ఊరికే ముద్ర వేసినట్టవుతుందన్న భయం కూడా ఉండబట్టే 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ తొలిదశను అసలు జబ్బుల జాబితాలో చేర్చకుండా, ఇంకా పరిశీలించాల్సిన వాటిలో ఉంచింది. ముందుజాగ్రత్త పేరుతో సైకోసిస్ మందులు ఇవ్వొద్దని, ఆలోచనా తీరు మీద పనిచేసే సీబీటీ లాంటి కౌన్సెలింగ్ ఇవ్వాలని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే ఆ వయసు పిల్లలకు మొదట కావాల్సింది తీరిగ్గా కూర్చుని వినే మనిషి. ప్రభుత్వాలు డబ్బు పెట్టాల్సింది అలాంటి మనుషుల్ని కాలేజీల్లో, దగ్గర్లోని ఆసుపత్రుల్లో నియమించడానికి. సైకోసిస్ వచ్చాక చికిత్స మొదలవడం ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ఆ ఆలస్యానికి ఒక ‘నార్మల్’ రిపోర్టు కారణమైతే ఎంత అన్యాయం!

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడు అది సగటుల మధ్య తేడా అని మొదటి పేరాలోనే చెప్పండి. పక్కనే ఒక బాక్స్ ఐటమ్‌లో ఇంట్లోవాళ్లు గమనించాల్సిన మార్పులు ఇవ్వండి: నిద్ర పూర్తిగా చెదిరిపోవడం, స్నేహితులకు దూరమవడం, చదువు ఉన్నట్టుండి కుంటుపడటం, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం, లేని చప్పుళ్లు వినిపించడం. ఇవి కొన్ని వారాలపాటు సాగితే ఎవరిని కలవాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా అక్కడే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక కాలేజీ కౌన్సెలర్