డబ్బా ఎటు తిప్పి పెట్టాడో ముందు అది చూడు

మావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. అంత డబ్బు పోసి కారులో సబ్‌వూఫర్ డబ్బా, అదే బేస్ (బరువైన లోతు శబ్దం) కోసం పెట్టే పెద్ద స్పీకర్, పెట్టిస్తే డిక్కీ దగ్గర నిలబడినవాడికి గుండె అదురుతోంది, డ్రైవింగ్ సీట్లో ఉన్న నాకేమో చప్పగా ఉంది అన్నావు కదా, దయచేసి దాని శబ్దం పెంచడానికి పెద్ద యాంప్లిఫయర్ మాత్రం ఇప్పుడే కొనకు.

నా సెడాన్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. బిగించినతను డబ్బాని వెనక సీటుకి ఆనించి, స్పీకర్ ముఖం సీటు వైపు పెట్టి వెళ్ళిపోయాడు. శబ్దం మనవైపే రావాలి కదా అని నేనూ ఊరుకున్నాను. కానీ బేస్ అలా తిన్నగా పోదు మావా, అన్ని వైపులా పాకుతుంది. 40 హెర్ట్జ్ అల ఒక్కటే దాదాపు 8.5 మీటర్లు, అంటే మన కారుకి రెండింతలు. అది కారు వెనక గోడకి, అంటే డిక్కీ తలుపు వైపు, తగిలి తిరిగొస్తుంది. ఆ గోడ మీటరు దూరంలో ఉందనుకో, వెళ్ళి వచ్చేసరికి రెండు మీటర్లు వెనకబడి, దాదాపు 85 హెర్ట్జ్ దగ్గర రెండు అలలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డ్రమ్ము దెబ్బకి బరువుండేది ఆ చుట్టుపక్కలే! డబ్బాని వెనక్కి జరిపి, ముఖం డిక్కీ తలుపు వైపు తిప్పి, జానెడు సందు వదిలితే ఆ గొడవ 300 హెర్ట్జ్ దాటి పైకి పోతుంది, సబ్ ఎలాగూ అంత పైకి వాయించదు.

నీది హ్యాచ్‌బ్యాక్ కాబట్టి నీకింకా సుళువు, డిక్కీకీ క్యాబిన్‌కీ మధ్య గోడే లేదు. ఆదివారం తమ్ముణ్ణి పిలువు, నువ్వు నీ సీట్లోనే కూర్చో, తలుపులన్నీ మూసి, బాగా తెలిసిన పాట ఒకటే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని, వాడు డబ్బాని ఒకసారి వెనక్కి, ఒకసారి పైకి, ఒకసారి పక్కకి తిప్పుతుంటే విను. లో పాస్ (సబ్‌కి లోతు శబ్దాలు మాత్రమే వెళ్ళనిచ్చే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి ఇక ముట్టుకోకు. ప్రతి చోటా ఫేజ్ స్విచ్ (సబ్ అలని తలకిందులు చేసే మీట) 0లో ఒకసారి, 180లో ఒకసారి వేసి చూడు, ఏది బరువుగా వినిపిస్తే అదే నీది. నాకైతే ఆ ఒక్క స్విచ్‌తోనే బేస్ డిక్కీలోంచి లేచొచ్చి డాష్‌బోర్డ్ మీద కూర్చున్నట్టయింది, ఆ రోజు సంతోషం చెప్పలేను! డబ్బాకి పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) ఉంటే దాని నోరు గోడకి ఆనకుండా చూసుకో. నంబర్ ప్లేటు గిలగిల కొట్టుకుంటుంది, వెనక ఫోమ్ టేపు అంటించు.

చోటు కుదిరాక బెల్టుతో గట్టిగా కట్టించు. వెనక సీట్లో పాప కూర్చుంటుంది, అంత బరువు సడన్ బ్రేకుకి ముందుకొస్తే ఊహించుకోవడానికే భయం. కట్టించాక ఫోటో పెట్టు, స్ట్రాప్ ఎక్కడ బిగించాడో నేనోసారి చూస్తాను.