‘నో సెక్షన్ 8’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

డాలస్ ఉత్తర శివార్లలో మనవాళ్లు అద్దెకివ్వడం కోసం కొంటున్న ఇళ్ల గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. వడ్డీ రేట్లు, ఆస్తి పన్ను, స్కూలు డిస్ట్రిక్టు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రుసుములు అన్నీ అందులో వివరంగా ఉన్నాయి గానీ, ఆ ఇళ్ల ప్రకటనల చివర తరచుగా కనిపించే ‘నో సెక్షన్ 8’, అంటే ప్రభుత్వ అద్దె సాయపు వోచర్ ఉన్నవారికి ఇవ్వబోమన్న షరతు ప్రస్తావన ఎక్కడా లేదు. ప్లానోలో ఉంటూ, పక్క కౌంటీలో ఉన్న ఒక ఇంటిని వోచర్ ఉన్న కుటుంబానికి అద్దెకిచ్చిన వాడిగా, ఆ షరతు వెనుక ఉన్న భయాల్లో చాలా భాగం విన్నవే తప్ప కన్నవి కావని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1974లో వచ్చిన చట్టం పునాదిగా నడుస్తున్న ఈ సెక్షన్ 8 పథకంలో, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబం లెక్కలోకి వచ్చే తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దె కింద కడుతుంది. మిగిలినది, ఒక పరిమితి దాకా, పథకాన్ని నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ అయిన హౌసింగ్ అథారిటీ నేరుగా యజమానికే చెల్లిస్తుంది. ఉదాహరణకు, నెలకు 2,000 డాలర్ల ఆదాయం లెక్కకొచ్చే కుటుంబం 2,000 డాలర్ల అద్దె ఇంట్లో దిగితే, 600 డాలర్లు వారివి, 1,400 డాలర్లు అథారిటీవి. దేశం మొత్తం మీద సుమారు 23 లక్షల కుటుంబాలు ఇలా అద్దెకుంటున్నాయి. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒక్కదానికే ఏదో ఒక ఫెడరల్ అద్దె సాయం అందుతోంది కాబట్టి, వోచర్ చేతికి రావడానికే ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది. తీరా వచ్చాక, ఇల్లు వెతుక్కోవడానికి నిబంధనల ప్రకారం ఇచ్చే కనీస గడువు 60 రోజులు. అథారిటీ దయతలచి గడువు పొడిగిస్తే సరే, లేకపోతే ఆ కాగితం చెల్లకుండా పోయి, వరుసలో తర్వాత ఉన్నవారికి అవకాశం వెళ్లిపోతుంది.

ఇల్లు దొరకడం ఎంత కష్టమో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. మా పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో నూటికి 78 మంది యజమానులు వోచర్ తీసుకోబోమన్నారు. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో అలా అన్నవారు 31 మంది. ఈ తేడాకు చట్టం ఒక్కటే కారణమని అనలేం గానీ, న్యూజెర్సీలో వోచర్ ఉందన్న కారణంతో ఇల్లు నిరాకరించడం రాష్ట్ర వివక్ష నిరోధక చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. టెక్సస్‌లో ఆ రక్షణ లేదు. ఆస్టిన్ నగరం 2014లో అటువంటి ఆర్డినెన్స్ (నగర స్థాయి చట్టం) తెస్తే, మరుసటి ఏడాదే రాష్ట్ర శాసనసభ నగరాలకు ఆ అధికారం లేకుండా చేసింది. మాజీ సైనికుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంచింది.

‘నాకేం అభ్యంతరం లేదండీ, మా హెచ్‌ఓఏ ఒప్పుకోదు’ అనే మిత్రులు నాకు చాలామంది తగిలారు. డెంటన్ కౌంటీలోని ప్రావిడెన్స్ విలేజ్‌లో 2022లో ఒక హెచ్‌ఓఏ నిజంగానే అటువంటి నిబంధన పెట్టి దేశమంతటా వార్తల్లోకి ఎక్కింది. ఆ తర్వాత 2023లో టెక్సస్ శాసనసభే, అద్దె ఏ రూపంలో వస్తుందన్న దాన్నిబట్టి ఇంటి యజమానుల సంఘాలు కిరాయిని అడ్డుకోరాదని చట్టం చేసింది. కాబట్టి ఆ సాకు ఇప్పుడు చెల్లదు. ఇవ్వడమా మానడమా అన్నది పూర్తిగా యజమాని ఇష్టం.

రెండో సాకు, సర్కారు ఇచ్చే డబ్బు ఫ్రిస్కో లాంటి ఖరీదైన శివారు అద్దెలకు చాలదన్నది. డాలస్ ప్రాంతానికి ఇది అంతగా వర్తించదు. 2011 నుంచి ఇక్కడ వోచర్ పరిమితిని మహానగరమంతటికీ ఒకే లెక్కన కాక, జిప్‌కోడ్ వారీగా నిర్ణయిస్తున్నారు. ఒక ప్రాంతంలోని అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే నూటికి నలభయ్యో స్థానంలో ఉండే అద్దెను ఆధారంగా తీసుకుని పరిమితి కడతారు కాబట్టి, అద్దెలు ఎక్కువగా ఉన్న జిప్‌కోడ్‌లో వోచర్ విలువ కూడా ఎక్కువే. విల్లా స్థాయి ఇళ్లకు ఇది సరిపోదు, నిజమే. మూడు పడకగదుల మామూలు ఇంటికి చాలాచోట్ల సరిపోతుంది.

మా ఇంట్లో దిగిన ఆమె వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలు చేసే ఉద్యోగం చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న తల్లి, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. ఆమె క్రెడిట్ రిపోర్టు చూశాను, పాత యజమానికి ఫోన్ చేసి కనుక్కున్నాను. అందరు కిరాయిదార్ల విషయంలో చేసే పనే ఇది, వోచర్ ఉన్నంత మాత్రాన చేయకూడదన్న నిబంధన ఏదీ లేదు. అడ్వాన్సు కూడా ఆమే కట్టుకుంది, ఎందుకంటే వోచర్ సొమ్ము అడ్వాన్సుకు వర్తించదు. తర్వాత అథారిటీ తరఫున తనిఖీకి వచ్చినాయన చేతిలో చిన్న టెస్టరుతో గదిగదికీ తిరిగి ప్రతి ప్లగ్ పాయింటులోనూ పెట్టి చూశాడు, పొగ అలారాల బటన్లు నొక్కాడు, కిటికీ గడియలు వేసి తీశాడు, వేడి నీళ్లు వదిలి చూశాడు. మెట్ల పక్కన కమ్మీ ఊగుతోందని, గరాజ్‌లో ఉన్న వాటర్ హీటర్ గొట్టం పొట్టిగా ఉందని రాసి వెళ్లాడు. రెండూ బాగుచేయించవలసినవే, ఏ కిరాయిదారు ఉన్నా ఆ కమ్మీ ఊగకూడదు కదా.

ఈ పథకంలో యజమానికి నిజమైన ఇబ్బంది ఒకటుంది, దాన్ని దాచిపెట్టి వోచర్‌ను పొగడడం న్యాయం కాదు. దరఖాస్తు పరిశీలన, తనిఖీ, మరమ్మతులయ్యాక మళ్లీ తనిఖీ, ఆపైన ఒప్పందం పూర్తయ్యేదాకా ఇల్లు ఖాళీగా ఉంటుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. మొదటి చెల్లింపు నా ఖాతాలో పడడానికి కూడా చాలా ఆలస్యమైంది. ఫోన్ చేస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. అయితే ఆ తర్వాత ప్రతి నెలా మొదట్లోనే అథారిటీ వాటా వచ్చి పడుతోంది. ఇల్లు పాడు చేస్తారన్న భయానికి జవాబుగా ఇంకొక సంగతి చెప్పాలి: ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘించి ఖాళీ చేయించబడిన కుటుంబం ఆ ఇంటితో పాటు వోచర్‌నూ పోగొట్టుకుంటుంది. ఏళ్లు వేచి సంపాదించుకున్న దాన్ని అంత తేలికగా ఎవరు వదులుకుంటారు?

అద్దెకు మూడు రెట్లు ఆదాయం ఉండాలన్న షరతు గురించి మన రియల్టర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2,000 డాలర్ల అద్దెకు 6,000 డాలర్ల ఆదాయం ఉండాలంటే, అంత ఆదాయం ఉన్నవారికి సాధారణంగా వోచర్ అవసరమే పడదు. కిరాయిదారు కట్టే 600 డాలర్లకే ఆ మూడు రెట్ల లెక్క వేయడం సబబు. న్యూజెర్సీలో అలాగే వేయాలి కూడా. ఎడిసన్ పరిసరాల్లో ఇళ్లున్న మన పాఠకులు, టెక్సస్‌లో స్నేహితుడు పెట్టిన ప్రకటన చూసి అదే షరతు తామూ పెడితే చిక్కుల్లో పడతారు.

దొరికిన ఇల్లల్లా తగిన ఇల్లు కాదు. ఫ్రిస్కో, మెకిన్నీ నగరాలు డాలస్ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ రవాణా సంస్థలో సభ్యులు కావు కాబట్టి, కారు లేని కుటుంబానికి అక్కడ ఎంత మంచి ఇల్లు వచ్చినా పని దగ్గరికి చేరే దారి ఉండదు. మెట్లెక్కలేని పెద్దావిడ ఉంటే కింద ఒక పడకగది ఉండాలి. పిల్లల బడి మారకూడదనుకుంటే వెతకవలసిన పరిధి ఇంకా కుదించుకుపోతుంది. ఇన్ని చూసుకుని, రెండు నెలల గడువులో, ప్రకటనల్లో సగానికి పైగా ముందే తలుపులు వేసేసుకున్న ఊళ్లో వెతకాలి. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కి వెళ్లి, ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అనో, ‘మీరేమిట్లు’ అనో విని కిందికి దిగిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అందుకే ఈ షరతు రాయడానికి మనవాళ్లకు చేయెలా వస్తోందో నాకు అర్థం కాదు.

కాస్త చేయూత ఉంటే ఫలితం వేరుగా ఉంటుందని సియాటిల్ ప్రాంతంలో జరిగిన ప్రయోగం చూపింది. వోచర్ ఉన్న కుటుంబాల తరఫున యజమానులతో మాట్లాడే సహాయకులను పెట్టి, అడ్వాన్సు వంటి ఖర్చులకు కొంత సాయం చేస్తే, పిల్లలకు మంచి అవకాశాలుండే ప్రాంతాల్లోకి మారిన కుటుంబాలు సాయం లేనివారిలో 15 శాతమైతే, సాయం అందినవారిలో 53 శాతం. రెండు వర్గాలకూ వోచర్ లెక్క మాత్రం ఒక్కటే.

మీ పత్రికను నేను కోరేది ఇంతే. అమెరికాలో ఇళ్ల కొనుగోలు గురించి ఈసారి రాసేటప్పుడు ఈ పథకం గురించి కూడా ఒక పేజీ కేటాయించండి. ప్రవాసుల అద్దె ప్రకటనలు వేసేటప్పుడు ఆ షరతు ఉన్న వరుసను తీసేయమని ప్రకటనదారులను అడగండి. వేసవిలో ఇల్లు ఖాళీ అవుతున్న యజమానులు, ప్రకటన పెట్టకముందే తమ హౌసింగ్ అథారిటీలో యజమానుల విభాగానికి ఫోన్ చేసి, తమ జిప్‌కోడ్‌కు పరిమితి ఎంత ఉంది, తనిఖీకి ఎన్ని రోజులు పడుతోంది అని కనుక్కుని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు,
ప్లానో, టెక్సస్