కాటన్ దొర సైనిక జీవితం, కుటుంబ చరిత్ర: తోడ్పడినవారికి కృతజ్ఞతలు

మా ఊరి గ్రంథాలయంలో మే 15న జరిగిన కాటన్ జయంతి సభలో, ఆనకట్ట గురించి ఏటా చెప్పుకునే సంగతులు పక్కనపెట్టి, సర్ ఆర్థర్ కాటన్ పాల్గొన్న యుద్ధాన్నీ ఆయన కుటుంబాన్నీ పరిచయం చేసే చిన్న ప్రదర్శన పెట్టగలిగాము. దానికి కావలసిన సమాచారం సమకూర్చినవారికి వేదిక మీద రెండు ముక్కల్లో చెప్పిన ధన్యవాదాలు సరిపోవనిపించి, ఎవరి సాయం ఎక్కడ అక్కరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

అందరికంటే ముందు తలచుకోవలసినవారు, కాటన్ కుమార్తె లేడీ హోప్ 1900లో ప్రచురించిన తండ్రి జీవితచరిత్రను నమ్మకంతో మా చేతికిచ్చిన విశ్రాంత నీటిపారుదల ఇంజనీరుగారు. అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదువుకొని, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో నియమితులై, 1821లో భారతదేశానికి వచ్చిన కాటన్, 1824లో మొదటి బర్మా యుద్ధం మొదలయ్యేనాటికి ఇరవై ఏళ్ల యువకుడు. గోదావరి తీరాన పురోహితులు భగీరథుడని స్మరించే ఈ మనిషి, ధవళేశ్వరం పనులు మొదలుకావడానికి (1847) ఇరవై ఏళ్లకు పైగా ముందు, ఐరావతీ నది దేశంలో బర్మీయుల కొయ్యకోటల ముట్టడుల్లో పాల్గొన్నారన్న విషయం సభకు వచ్చిన చాలామందికి కొత్తగా అనిపించింది.

వంశవృక్షం మాత్రం చరిత్ర అధ్యాపకురాలు ఒకరు ఓపికగా కూర్చుని విడదీసి చూపకపోతే తయారయ్యేదే కాదు, ఎందుకంటే ఆ కాలపు యుద్ధ చరిత్రలో ఎక్కడ చూసినా ఒక కాటన్ కనిపిస్తారు. 1825 మార్చిలో బర్మాలోని దనుబ్యూ కోట మీద దాడి చేసి విఫలమైన విలోబీ కాటన్ ఆర్థర్‌కు దాయాది. బర్మా సేనాని మహా బందూల అక్కడే మరణించింది ఆ తరువాత, ఏప్రిల్ 1న. 1826 జనవరిలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కోటను పట్టుకున్న లార్డ్ కంబర్‌మియర్ ఆర్థర్ పెదతండ్రి కుమారుడు. అంటే బర్మా యుద్ధాన్ని ముగించిన యండబో సంధి కుదిరిన ఫిబ్రవరి 24కు కొద్ది వారాల ముందు దాకా ఈ కుటుంబం రెండు చోట్ల యుద్ధంలో ఉన్నదన్నమాట. అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావరులో సిపాయిల ఆయుధాలు తీయించిన సేనాధిపతి. హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండు మంది కొడుకుల్లో పదోవాడైన ఆర్థర్‌ను మనం గౌరవించినంత మాత్రాన, ఈ పేర్లను ప్రదర్శన నుంచి తప్పించడం సబబు కాదని అధ్యాపకురాలు అన్నారు, మేమూ ఒప్పుకున్నాము.

ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబమొకటి టాస్మేనియాకు సంబంధించిన భాగాన్ని సరిచూసి పంపింది. అనారోగ్యంతో సెలవు మీద అక్కడికి వెళ్లిన కాటన్ 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహమాడగా, మరుసటి ఏడు అక్కడే పుట్టిన అమ్మాయే తరువాతి కాలపు లేడీ హోప్. ఆమె భర్త జేమ్స్ హోప్ కూడా 1859లో చైనాలోని టాకు కోటల దగ్గర గాయపడిన నౌకాసేనానే. డార్విన్ చివరి రోజుల గురించి ఆమె చెప్పిన కథను ఆయన పిల్లలు ఖండించిన సంగతి గుర్తుంచుకుని, తండ్రి గురించి ఆమె ఒక్కరే చెప్పే విషయాలను మేము ప్రదర్శనలో చేర్చలేదు.

రాజమహేంద్రవరానికి చెందిన పతకాల సేకర్త ఇచ్చిన ఛాయాచిత్రం దగ్గర జనం ఎక్కువసేపు ఆగారు. సింహం ముందు మోకరిల్లిన ఏనుగు బొమ్మ ఉన్న ఆ బర్మా పతకాన్ని ఈస్టిండియా కంపెనీ దేశీయ సైనికులకే ఇచ్చింది; యూరోపియన్లు తమ పతకం కోసం 1851 దాకా ఆగవలసి వచ్చింది. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరో ఉన్నందున, కాటన్ వంశవృక్షం పక్కనే ఈ బొమ్మ పెట్టమని సలహా ఇచ్చింది కూడా ఆయనే, అది ఎంతో మంచి సలహా.

పదవీ విరమణానంతరం కాటన్ పొలం లోతుగా తవ్వి గోధుమలు పండించే ప్రయోగాలు చేసిన ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణానికి వెళ్లి, 1899 జూలై 24న కన్నుమూసిన ఆయన సమాధిని ఫోటో తీసి పంపిన మిత్రుని కుమార్తెకూ అల్లుడికీ ప్రత్యేక కృతజ్ఞతలు. వంశవృక్షం ప్రతిని మా గ్రంథాలయంలో ఉంచాము. ఉపాధ్యాయులెవరైనా తరగతి కోసం నకలు తీసుకోవచ్చు. సాయం చేసినవారందరూ అందుకు సమ్మతించారు.