దేవుడున్నాడా అని అడగనివ్వండి

సంపాదకులకు,

నమస్కారం. కోనసీమలోని మా ఊరి గ్రంథాలయంలో నెలకొక ఆదివారం సాయంత్రం చర్చ జరిగేది. ధాన్యం ధర మీద, కొబ్బరి తెగుళ్ల మీద, చేపల చెరువుల వల్ల మంచినీళ్లు ఉప్పెక్కడం మీద గొంతు చించుకుని వాదించుకున్నాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గత నెల నల్లబల్ల మీద ‘దేవుడున్నాడా?’ అని రాయగానే మాత్రం కొందరు వచ్చి, మనోభావాలు దెబ్బతింటాయని చర్చ ఆపించారు. నాస్తిక మిత్రులైనా పట్టుబడతారనుకుంటే, మూఢులతో వాదనేమిటని వాళ్లు లేచి వెళ్లిపోయారు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. ఆ చర్చ జరిగి తీరాలని అడుగుతున్నది దేవుణ్ణి నమ్మేవాడేనని పాఠకులు గమనించాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే 1996 నవంబరు 6 రాత్రికి వెళ్లాలి. దీపావళి ఇంకా నాలుగైదు రోజులుందనగా వచ్చిన ఆ తుపానును ఈ తీరంలో నా వయసువాళ్లెవరూ మరచిపోలేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో వేటకు వెళ్లినవాళ్ల కోసం రోజుల తరబడి ఒడ్డున నిలబడి ఎదురుచూశారు. తరాలుగా పెంచుకున్న కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకు ఒరిగాయి. నేను ఆ రోజు ఉద్యోగం చేసే ఊళ్లో చిక్కుకుపోయాను. మా పెంకుటిల్లు కూలింది. అమ్మ ద్వారబంధం పట్టుకుని తెల్లవార్లూ నిలబడి బతికింది. మూడో రోజు నేను ఇల్లు చేరేసరికి, వచ్చిన ప్రతివాళ్లకూ “అంతర్వేది స్వామే నన్ను కాపాడాడు” అని చెబుతోంది.

మా పక్కింటామె భర్త, పెద్ద కొడుకు సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె మా అమ్మ మాట విని, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “అయితే వదినా, ఆయన మావాళ్ల వంక చూడలేదంటావా?”

అమ్మ దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది, పూజ ఒక్కరోజూ మానలేదు, కానీ స్వామి నన్ను కాపాడాడన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు. ఆ కార్తికంలో పక్కింటామె కాలువలో దీపం వదలలేదు. ఎందుకు వదలలేదని అమ్మ అడగలేదు. ఇద్దరూ చివరిదాకా ఒకరింటికొకరు వెళ్తూనే ఉన్నారు.

ఆ ప్రశ్న అడగడమే పాపమని చర్చ ఆపినవాళ్లు అంటున్నారు. అలాగైతే పాపులలో మొదట చేర్చవలసింది మన పెద్దలనే. సృష్టి ఎలా కలిగిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసునో, ఆయనకూ తెలియదో అని సందేహించింది ఋగ్వేదం పదో మండలమే. లోకంలో ఇంత హెచ్చుతగ్గూ ఇంత దుఃఖమూ ఉంటే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అన్న ఆక్షేపణను బ్రహ్మసూత్రాలు ఎత్తుకున్నాయి, శంకరులు దానికి సమాధానం రాశారు. కర్మను బట్టి ఫలమిస్తాడు కనుక దోషం లేదన్నారు. శాస్త్రంగా అది గట్టి సమాధానమే. కానీ పద్దెనిమిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని, అది వాడి పూర్వజన్మ ఫలమని నేను అనలేను. అనగలిగిన భక్తి నాకు వద్దు.

నాస్తిక మిత్రులతోనూ ఒక మాట. ఆమె ప్రశ్నను మీ గెలుపుగా లెక్క వేసుకోకండి. అమ్మకు పూజ ఓదార్పునిచ్చింది గనుక దేవుడున్నాడని నేననను. ఓదార్పు రుజువు కాదని నాకు తెలుసు. పుష్కరాల రేవులో పెద్దలకు పిండం పెట్టే మనిషిని వెక్కిరించడమూ రుజువు కాదు. గోరా గారు అలా చేయలేదు. నాస్తికత కోసం 1933లో కాకినాడలో అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. తర్వాత సేవాగ్రాం వెళ్లి, పరమ ఆస్తికుడైన గాంధీజీతో కూర్చుని వాదించారు. తన కుమార్తెను దళిత యువకుడికిచ్చి చేసే పెళ్లి ఆశ్రమంలో జరిపించడానికి, ఆ తంతులో దేవుడి పేరుకు బదులు సత్యం అని పలకడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది. వాళ్లిద్దరిలో ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు!

ఇది పండితుల కాలక్షేపమని కొట్టివేయడానికి వీల్లేదు. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజున, రాజమహేంద్రవరం రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. గోదారమ్మ ఒడిలో పోయారు, పుణ్యాత్ములు అని మా వీధి అరుగుల మీద ఎంతమంది అన్నారో నేను విన్నాను. దుఃఖంలో అన్న మాటే, తప్పు పట్టను. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే, అంత జనాన్ని ఒకే రేవు వైపు ఎందుకు వెళ్లనిచ్చారన్న ప్రశ్న కూడా నీళ్లలో కలిసిపోతుంది. దేవుడు ఏం చేస్తాడు, మనుషులు ఏం చేయాలి అన్న తేడాను నలుగురిలో మాట్లాడుకోని ఊళ్లో, మనుషుల తప్పులన్నీ ఆయన లెక్కలోకే వెళతాయి. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి.

గ్రంథాలయం పెద్దలను మీ పత్రిక ద్వారా కోరేది ఇంతే. వచ్చే నెల చర్చ అదే ప్రశ్నతో పెట్టండి. ఆపించినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి ముందుగా వాళ్లచేతనే మాట్లాడించండి. లేచిపోయిన నాస్తిక మిత్రులను నేనే ఇళ్లకు వెళ్లి పిలుచుకొస్తాను. ఉన్నాడనే పక్షాన నేను నిలబడతాను. మా పక్కింటామె అడిగిన మాటతోనే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ముమ్మిడివరం ప్రాంతం