వార్డుకీ ఇంటికీ మధ్య ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

టీనేజీ పిల్లల మానసిక వైద్యం గురించి ఎప్పుడు మాట వచ్చినా చర్చంతా పడకల దగ్గరే ఆగిపోతోంది. పడకలు చాలవన్నది నిజమే. ప్రాణం తీసుకోవాలని గట్టిగా అనుకుంటున్న పిల్లని, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతోందంటూ తిండీ నిద్రా మానేసిన పిల్లాణ్ణి, బరువు బాగా పడిపోయి గుండె వేగం తగ్గిపోయిన అమ్మాయిని ఇంట్లోనే ఉంచుకుని నెట్టుకురమ్మనడం తప్పు, అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా అడ్మిట్ చేయాల్సిందే. నా బాధంతా మిగతా పిల్లల గురించి. వాళ్లకి ఉన్నవి రెండే దారులు. ఎప్పుడో ఒకసారి ఓపీకి వెళ్లి డాక్టరుతో కాసేపు మాట్లాడి రావడం, అది చాలకపోతే ఏకంగా వార్డులో చేరడం.

ఈ రెంటికీ మధ్య చేయగలిగింది చాలా ఉంది, కొన్నిచోట్ల చేసి చూపించారు కూడా. జర్మనీలో 2018 నుంచి వార్డు స్థాయి వైద్యాన్ని ఇంటి దగ్గరే ఇవ్వడానికి చట్టం వీలు కల్పించింది, వైద్య బృందంలో ఎవరో ఒకరు రోజూ ఇంటికొస్తారు. అదే దేశంలో అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసి బరువు ప్రమాదకరంగా తగ్గిపోయే మానసిక జబ్బు) ఉన్న 172 మంది అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. మూడు వారాలు అందర్నీ వార్డులో ఉంచి, తర్వాత సగం మందిని అక్కడే కొనసాగించారు, మిగతా సగం మంది పగలు ఆస్పత్రిలో చికిత్స తీసుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లేవాళ్లు. ఏడాదికి చూస్తే బరువు పెరగడంలో వీళ్లేమీ వెనకబడలేదు. 2018లో వచ్చిన లండన్ అధ్యయనంలో, మానసిక వైద్య వార్డులో చేరిన 106 మంది పిల్లల్లో కొందరిని త్వరగా డిశ్చార్జి చేసి ఇంటి దగ్గరా బడి విషయంలోనూ తోడుగా నిలిచారు. ఆరు నెలల్లో వీళ్లు ఆస్పత్రిలో గడిపింది మధ్యస్థంగా (అంటే సగం మంది అంతకన్నా తక్కువ, సగం మంది ఎక్కువ) 34 రోజులు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు 50 రోజులు. మళ్లీ బడిలో కుదురుకున్నవాళ్లూ వీళ్లలోనే ఎక్కువ. లక్షణాలు తగ్గడంలో మాత్రం పెద్ద తేడా లేదు, అది కూడా చెప్పాలి.

వార్డులో ఉన్నంతకాలం పిల్లలు చదువుకీ స్నేహితులకీ దూరమవుతారు, పక్క మంచం పిల్లల అలవాట్లు కొన్నిసార్లు వీళ్లకీ అంటుకుంటాయి. అంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది డిశ్చార్జి తర్వాతి కాలం. ఆత్మహత్య ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి మూడు నెలల్లోనే అని పరిశోధనలు చెబుతున్నాయి, సరిగ్గా ఆ సమయంలోనే మందుల చీటీ ఒకటి చేతిలో పెట్టి, తర్వాత ఎప్పుడు రావాలో తేదీ రాసి పంపేస్తారు, ఈలోపు పిల్ల ఎలా ఉందని అడిగేవాళ్లు ఉండరు.

అలాగని ఇంటి దగ్గర వైద్యమంటే డబ్బు మిగిల్చే ఉపాయం అనుకుంటే పెద్ద ప్రమాదం. రోజూ వచ్చే మనుషులు లేకుండా ఇంట్లోనే చూసుకోండి అంటే ఆ భారమంతా ఒక తల్లి నెత్తిన పడుతుంది, ఆవిడ ఉద్యోగం మానేసి రాత్రంతా తలుపు దగ్గర కూర్చుంటుంది. ఇంట్లోనే కొట్టేవాళ్లు, వేధించేవాళ్లు ఉంటే ఆ ఇంటికి వైద్యం పంపి లాభం లేదు, ఆ పిల్లకి ముందు సురక్షితమైన చోటు చూపించాలి. బృందంలో పిల్లల సైకియాట్రిస్టుతో పాటు ఇంట్లోవాళ్లతోనూ పనిచేసే థెరపిస్టు, బడితో మాట్లాడే మనిషి ఉండాలి. మందులూ ప్రమాదకరమైన వస్తువులూ పిల్లల చేతికి అందకుండా ఎలా పెట్టాలో ఇంటికొచ్చి దగ్గరుండి చూపించాలి.

మీ పత్రికకి నా విన్నపం ఒకటే. ఇకమీదట ఎక్కడైనా పిల్లల మానసిక వైద్య వార్డు తెరుస్తున్నారని వార్త రాస్తే, పడకల సంఖ్యతో పాటు ఇళ్లకు వెళ్లే సిబ్బంది ఎంతమందో, డిశ్చార్జి అయిన వారంలో పిల్లల్ని ఎవరు వెళ్లి చూస్తారో, అర్ధరాత్రి కంగారు పడిన తండ్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరో అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు