మూడు పిండి ముద్దలు

నల్లగొండ

బిడ్డా,

నీ బడి చిన్నపిల్లలకు వేరే దేశాల తిండి, పంటల గురించి ఎట్ల చెప్పాలని అడిగినవు. పటంతోటి మొదలుపెట్టకు. ఐదేండ్ల పిల్లకు పటంల కెన్యా ఒక రంగు మచ్చ, అంతే. పిండితోటి మొదలుపెట్టు.

గోధుమ, జొన్న, మక్క పిండి అరగ్లాసు చొప్పున మూడు పళ్లాలల్ల పెట్టుకో. గోధుమకు పావుగ్లాసు చల్లనీళ్లు చాలు. మిగతా రెండింటికి నీళ్లు మసలాలె, అరగ్లాసుకు కొంచెం తక్కువ. అవి నువ్వే పోసి గరిటెతోటి కలుపు, చెయ్యి పట్టేంత చల్లారినంకనే పిల్లల ముందట పెట్టు. జొన్నపిండి కొత్తగ పట్టించింది ఉండాలె. పాతబడితే ముద్ద పగుల్తది.

ఇగ ముద్దలను లాగుమను. గోధుమది సాగుతది, మిగతా రెండు తెగిపోతయి. గోధుమల జిగట ఉంటది, అది గాలిని పట్టి ఉంచుతది కాబట్టే బ్రెడ్ పొంగుతది. జొన్నకు ఆ జిగట లేదు. అందుకే మనం వేడినీళ్లతోటి కలిపి, చేత్తోటి తట్టి రొట్టె చేస్తం. సూడాన్‌ల అదే జొన్నపిండిని జారుగ కలిపి, పులియబెట్టి, పెనం మీద పలుచగ పరుస్తరు. దాన్ని కిస్రా అంటరు. జొన్న పుట్టిల్లు ఆ దిక్కే. ఈ సంగతి రొట్టె తిన్నంక చెప్పు, అప్పుడు మనసుల నిలుస్తది.

మక్కది మెక్సికో. అక్కడ దాదాపు 9000 ఏండ్ల సంది పండిస్తున్నరు, అమెరికా ఖండాల బయటి లోకానికి 1492 తర్వాతనే తెలిసింది. అక్కడోళ్లు మక్కలను సున్నపునీళ్లల్ల ఉడికించి, రాత్రంత నానబెట్టి, కడిగి రుబ్బి తోర్తియా అనే రొట్టె చేస్తరు. సున్నంతోటి పొట్టు ఊడుతది, ముద్ద కలిసివస్తది, గింజల ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతది. యూరప్‌కు మక్క పోయింది గాని సున్నం పద్ధతి పోలేదు. మక్క మీదనే బతికిన పేదలకు ఆ విటమిన్ అందక పెల్లాగ్రా అనే రోగం వచ్చింది. ఇది నువ్వు తెలుసుకొనేందుకు, పిల్లలకు కాదు. సున్నం బడికి తేనేవద్దు, కంట్ల పడితే ప్రమాదం.

కెన్యా ఉగాలి మాత్రం తప్పక చెయ్యి. మసిలే నీళ్లల్ల మక్కపిండి కొంచెం కొంచెం పోస్తూ గట్టిపడేదాక తిప్పాలె, మన గట్క కన్న గట్టిగ. పిండి ఒక్కసారి పోస్తే ఉండలు కడ్తది. చిన్న ముద్ద తీసి, బొటనవేలితోటి గుంట చేసి, దాంట్ల ఆకుకూర పెట్టుకొని తింటరు. పిల్లలకు ఈ గుంట చేసుడే పండుగ.

తర్వాత రెండు కంకులు చేతికియ్యి. జొన్న గింజలు బయటికే ఉంటయి, పిట్టలు వాల్తయి. మక్కను పొరలు కప్పి ఉంచుతయి. కంకి అట్లనే నేలపడితే గింజలన్ని ఒక్కతాన మొలిచి ఒకదాన్నొకటి తొక్కుకుంటయి. మనిషి ఒలిచి విత్తితేనే మక్క బతుకుతది. పిల్లలతోనే ఒలిపించు.

ఒక్కటి గట్టిగ చెప్తున్న. "అక్కడి పిల్లలకు తిండి లేదు పాపం" అని అననే అనకు. వాళ్లమ్మ ఏం వండుతదో చెప్పు.

గోధుమ పడని పిల్లలున్నరేమో ముందే తల్లులను అడుగు. యాసంగి జొన్న కోతకు రాకముందే రైతుకు చెప్పి పెట్టుకో, కాడతోటి కంకి తర్వాత దొరకదు.

అమ్మ